ఇది ఎంత దూరం పోతది?

మా స్టేషన్ గోడలకు జంపఖానాలు వేలాడేవి. పెద్ద చానళ్లవాళ్లు బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు ఏవేవో మెత్తటి పలకలు బిగించుకుంటారు. మాది వరంగల్‌లో కొత్తవాడ. కింద మగ్గాలు నడిచే ఇల్లు, పైన మా రెండు గదులు. రంగు తేడా వచ్చి అమ్ముడుపోని జంపఖానాలను మా సేటు పైకి మోయించి, నాలుగు గోడలకూ మేకులు కొట్టి వేలాడదీశాడు. అయినా మగ్గం చప్పుడు ఆగలేదు. నేను వార్తలు చదువుతుంటే వెనకాల టకటకమని వినబడుతూనే ఉండేది. చూసేవాళ్లకు అది ఎంత అలవాటైందంటే, మగ్గాలకు సెలవున్న రోజున వార్తలు చప్పగా ఉన్నాయని ఫోన్ చేసి మరీ చెప్పేవారు.

సేటుకు అంతకు ముందు వీడియో క్యాసెట్ల దుకాణం ఉండేది. కిరాయికి పోని సినిమాలను వీసీఆర్‌లో పెట్టి, డాబాల మీదుగా వైరు లాగి, ఇంటింటికీ చూపించడంతో మా చానల్ పుట్టింది. రెండు సినిమాల మధ్య ఖాళీలో పుట్టినరోజు శుభాకాంక్షలు, బట్టల దుకాణాల ప్రకటనలు, చివరకు వార్తలు వచ్చి చేరాయి. నేను డిగ్రీ అయిపోయి మా నాన్న కిరాణా కొట్టులో కూర్చునే రోజులవి. ఎదుటి వరసలో ఉన్న హమాలీని నేను దుకాణంలోంచే పిలిస్తే బజారు మొత్తం తిరిగి చూసేది. ఆ గొంతు విని సేటు మా నాన్నను అడిగాడు. మా నాన్న, తీసుకపోండి, ఇక్కడ గిరాకీ భయపడుతున్నది అన్నాడు. అలా నేను వార్తలు చదివేదాన్నయ్యాను.

ఆ స్టేషన్ చరిత్ర రాయమని నన్ను చాలామంది అడిగారు. ఏ నెట్‌వర్కుతో ఎప్పుడు కలిశాం, ఎప్పుడు విడిపోయాం అన్నది రాస్తే చరిత్ర అవుతుందని వాళ్ల ఉద్దేశం. నాకు మాత్రం ఆ చరిత్ర అంతా ఒక్క మనిషి మెట్లెక్కి వచ్చి అడిగిన ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఆమెది నెక్కొండ పక్కన ఒక ఊరు. నాకన్నా పదేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. వార్తలు మొదలుపెట్టిన కొత్తలోనే వచ్చింది. పత్తి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన ఆమె భర్త, బస్తాలు దించి, చాయ తాగి వస్తానని తోడొచ్చినవాళ్లకు చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు. మార్కెట్లో వెతికారు, దవాఖానలో చూశారు, రైలు పట్టాల వెంట నడిచి చూశారు, పోలీసులకు చెప్పారు. ఇంట్లో కొట్లాట లేదు. మందు అలవాటు లేదు. ఆయన చాయ కోసం వెళ్లిన వైపు చాయ కొట్టే లేదని ఆమె పదేపదే చెప్పింది. అది నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి.

ఆమె తెచ్చిన ఫొటో పెళ్లయిన కొత్తలో స్టూడియోలో ఇద్దరూ కలిసి దిగింది. నలుపు తెలుపు. వెనక తెరమీద గీసిన మేడ, మెట్లు. ఆయన చేతులు కట్టుకుని, ఎవరో గదమాయించినట్టు నిటారుగా నిలబడ్డాడు. సేటు ఆ ఫొటోను నిలువునా మడిచి ఆమె వెనక్కి పోయేలా చేశాడు. ఎంత మడిచినా ఆయన భుజం పక్కన ఆమె కొంగు అంచు కొంచెం మిగిలిపోయింది. దాన్ని కెమెరా ముందు పెట్టి, కింద "కనబడుట లేదు" అని అక్షరాలు వేసి, నేను గొంతు ఇచ్చాను. ఆమె ఒక మూల కుర్చీలో కూర్చుని అంతా చూసి, లేచేటప్పుడు అడిగింది.

"ఇది ఎంత దూరం వోతది చెల్లె?"

కోట నుంచి కాశిబుగ్గ దాకా పోతుందని చెప్పాను. ఆమె తల ఊపింది. వారం తర్వాత వచ్చినప్పుడు ఏ కబురూ లేదని నేను చెప్పబోతుంటే, ఆమే అందుకుంది. "మీ వైరు పోని దిక్కున ఉన్నట్టున్నడు" అన్నది. ఆ మాటలో నిరాశ లేదు. నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

మా మొదటి పొత్తు హన్మకొండ కేబుల్‌వాళ్లతో. పేరు మారింది, గుర్తు మారింది, మెట్ల పక్క గోడకు కొత్త రంగు పడింది. నర్సంపేట దాకా మా బొమ్మ పోయింది. రెండోది హైదరాబాదు నుంచి నడిచే శాటిలైట్ చానల్‌తో. అవి ఉద్యమం రోజులు. వరంగల్లో రోజుకొక ధర్నా, రోడ్ల మీద వంటావార్పు. వాళ్లకు మా వార్తలు కావాలి, మాకు వాళ్ల ఆకాశం కావాలి. సాయంత్రం అరగంట మాది, మిగతాదంతా వాళ్లది. సేటు దీన్ని చుట్టరికం అనేవాడు. నేను ఏ ఎండకా గొడుగు అనేదాన్ని. ఆయన నవ్వి, గొడుగు లేకుంటే నీ గొంతును ఎండల పెడుదునా అనేవాడు. పొత్తు మారినప్పుడల్లా మైకుకు తగిలించే గుర్తుల డబ్బా మారిపోయేది. పాతవన్నీ మూలన ఒక పెట్టెలో వేసేవాళ్లం. అందులో ఎర్రది, నీలంది, పసుపుది పోగుపడ్డాయి.

ప్రతి కొత్త గుర్తుకూ ఆమె వచ్చేది. ఊళ్లో ఎవరో టీవీలో చూసి పేరు మారిందని చెప్పేవారట. చేతి సంచిలో మక్క కంకులో, సీతాఫలాలో ఉండేవి. ముందుగా అవి నా ముందు పెట్టి, ఆ తర్వాత ఫొటో తీసేది. అదే ప్రశ్న అడిగేది. శాటిలైట్ చానల్ వచ్చినప్పుడు అన్ని జిల్లాలకూ పోతుందక్కా అని గొప్పగా చెప్పాను. చెప్పడం నాకు సంతోషంగా ఉండేది, నేనేదో ఆమెకు పెద్ద టార్చిలైటు ఇస్తున్నట్టు. ఆయన దొరకలేదు. "బీవండి దిక్కు వోయిండేమో. ఆడ మన టీవీ సూడరు గద" అన్నది. నాకు ఆ మాట న్యాయంగానే అనిపించింది. కొత్తవాడ నుంచి మగ్గం పనికి బొంబాయి పక్క బీవండి పోయినవాళ్లు ఎందరో ఉన్నారు.

నేను ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఆయన ముఖం నాకు సొంత పెదనాన్న ముఖం కన్నా బాగా తెలుసు. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు. కొంచెం ముందుకు వచ్చిన కింది పెదవి. ఒకనాడు మధ్యాహ్నం కరెంటు పోయి, గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. కింద మగ్గాలు కూడా ఆగాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కరెంటు రాగానే ప్రకటనలు ఆడించే మిషన్ దానంతట అదే మొదలై, ఆగిన చోట చిక్కుకుంది. తెర నిండా ఆయన ముఖం. అక్షరాలు లేవు, గొంతు లేదు. చేతులు కట్టుకుని నా వైపే చూస్తున్నాడు. బటన్ నొక్కితే పోయేదే. నాకు చెయ్యి రాలేదు. మగ్గాలు మళ్లీ మొదలయ్యేదాకా అట్లాగే కూర్చున్నాను. భయమేసింది అని రాయడానికి నాకు సిగ్గు లేదు.

ఆ తర్వాత నాకొక రోగం పట్టుకుంది. జనం ఉన్న చోట ముఖాలు వెతకడం. రైల్వే స్టేషన్లో, జాతర్లో, దవాఖాన వరండాలో. ఒకసారి హైదరాబాదు పెద్ద బస్టాండులో ఆ కనుబొమ్మ, ఆ పెదవి కనబడ్డాయి. నా బస్సు వదిలేసి ఆ మనిషి వెనకాల నడిచాను. వాటర్ ప్యాకెట్ కొనడానికి ఆగి తిరిగి చూశాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అప్పుడు నా బుర్రకు తట్టింది. నేను వెతుకుతున్నది ఫొటోను. ఆ మనిషికి ఈపాటికి జుట్టు నెరిసి ఉంటుంది, పళ్లు ఊడి ఉంటాయి. నేను దిగిన బస్సులోనే నా పక్క సీట్లో కూర్చుని వచ్చి ఉన్నా నేను గుర్తుపట్టను. మేము ఇన్నేళ్లుగా ఊరూరా చూపిస్తున్నది ఇప్పుడు ఎక్కడా లేని మనిషిని. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమెకు మాత్రం తెలియదా అనుకున్నాను.

మూడో పొత్తు అన్నిటికన్నా పెద్దది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. వాళ్లకు అరడజను చానళ్లు, అద్దాల మేడ. ఇక్కడి నుంచి మేము ఫొటోలు పంపితే చాలు, అక్షరాలూ రంగులూ సంగీతమూ అన్నీ హైదరాబాదులోనే వేస్తామన్నారు. పుట్టినరోజుకు బుడగలు, పెళ్లికి పందిరి, శ్రద్ధాంజలికి దండా దీపమూ. అన్నీ ముందే తయారుచేసి పెట్టుకున్న చట్రాలు, ఫొటో అందులో వేయడమే పని. ఆమె మామూలుగానే వచ్చింది, మామూలుగానే అడిగింది. దుబాయి దాకా పోతుందని సేటే చెప్పాడు. ఫొటో పంపాం.

అక్కడ ఆ చట్రాల దగ్గర కూర్చున్నవాడు ఎవరో నాకు తెలియదు. పాత ఫొటో, నలుపు తెలుపు, చేతులు కట్టుకుని బిగుసుకుని నిలబడ్డ పల్లెటూరి మనిషి. చచ్చిపోయినవాడే అనుకుని ఉంటాడు. కింద ఏం రాసి పంపామో చదివే ఓపిక లేదు. ఆ సాయంత్రం ఆయన ముఖానికి బంతిపూల దండ పడింది. ముందు దీపం వెలిగింది. భుజం పక్కన మిగిలిన ఆమె కొంగు అంచు దండ కింద కప్పబడిపోయింది.

మరునాడు పొద్దున ప్యాసింజర్‌కు ఆమె వచ్చింది. చేతిలో సంచి లేదు. తలకు నూనె లేదు, వెంట్రుకలు చెదిరి ఉన్నాయి. గడప దాటి లోపలికి రాలేదు. రా అక్కా అంటే తల అడ్డంగా ఊపింది.

మా వైపు చావు కబురు వింటే దాయాదులు ఉన్నపళంగా స్నానం చేస్తారు. దూరదేశంలో చచ్చినా, శవం కనబడకపోయినా సరే, కబురు చెవిన పడితే నెత్తిన నీళ్లు పడాల్సిందే. నీళ్లు పోసుకున్నారంటే ఆ మనిషి పోయినట్టు ఒప్పుకున్నారన్న మాట. టీవీలో దండ చూసి ఆమె బావలు బోరింగు దగ్గరికి వెళ్లి కట్టుబట్టలతో నీళ్లు పోసుకున్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఎవరు చెప్పారు, ఎట్లా పోయాడు అని ఒక్కరైనా అడగలేదు. ఆడవాళ్లు వచ్చి ఈమెను కూడా చెయ్యి పట్టుకుని లేపారు. ఈమె లేవలేదు. స్నానం చేయలేదు. స్నానం చేయలేదు కాబట్టి మైలలో ఉన్నట్టు లెక్క. పొద్దున బావి దగ్గర ఆమెకు ఎవరూ బొక్కెన ఇవ్వలేదు.

ఇదంతా గడప అవతల నిలబడే చెప్పింది. ఏడవలేదు. చివరకు నా ముఖంలోకి చూసి అడిగింది.

"నీకు ఏమన్న కబురు అచ్చిందా చెల్లె? అచ్చిందంటే చెప్పు, గీ మెట్ల కిందనే నీళ్లు పోసుకుంట. రాలేదంటే గా మాట టీవీలనే చెప్పుండ్రి."

రాలేదక్కా, పొరపాటు జరిగింది అన్నాను. ఆమె గడప మీద కూలబడింది. హైదరాబాదుకు ఫోన్ చేశాను. ఇట్లాంటి చిన్నవాటికి సవరణలు వేసేది లేదన్నారు, రేపటి నుంచి సరిగ్గా వేస్తామన్నారు. చిన్నవి. ఆ మాటకు నా ఒళ్లు మండింది. అంత కోపం నాకు మా ఇంట్లోవాళ్ల మీద కూడా ఎన్నడూ రాలేదు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం పత్తి మార్కెట్ సంగతులు చెప్పడానికి మాకు రెండు నిమిషాల లైవ్ ఇచ్చేవారు. ఆవేళ కూడా ఎన్ని బస్తాలు వచ్చాయో చదివాను. కాగితం పక్కన పెట్టి, ఆయన పేరూ ఊరూ చెప్పి, నిన్న వేసిన దండ మా పొరపాటని, ఆయన చనిపోయినట్టు ఎవరికీ ఏ కబురూ లేదని, ఆయన కనబడుట లేదని, అంతేనని అన్నాను. చెవిలో అవతలివాళ్లు అరుస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ఫోన్లో తిట్లు పడ్డాయి. నేనూ తక్కువ తినలేదు. కింద మగ్గాలు ఆగిపోయాయి. మొదలుపెట్టిన పోగు వదిలేసి నేతవాళ్లు మెట్ల దాకా వచ్చి నిలబడ్డారు.

ఆమె లేచి, నీళ్లెక్కడున్నాయని అడిగి, ముఖం కడుక్కుంది. నా స్టిక్కర్ బొట్టు అట్టలోంచి ఒకటి తీసి ఇచ్చాను. జంపఖానాకు ఆనించి పెట్టిన అద్దంలో చూసుకుంటూ పెట్టుకుంది. "బతికున్నోనికి చావు కబురు పుడితే ఆయుష్షు వెరుగుతదంటరు గద" అన్నది. అంటారక్కా అన్నాను. ఆ మాట మీద ఇద్దరం నవ్వాం కూడా. ఇంటికి పోయి మామూలు స్నానం చేస్తానని వెళ్లిపోయింది.

బావలు మాత్రం పోసుకున్న నీళ్లు వెనక్కి పోవన్నారట. టీవీ వాళ్లు ఇవాళ ఒకటి చెప్తారు, రేపు ఇంకొకటి చెప్తారు అన్నారట. ఒకే ఇల్లు, మధ్యన గోడ. ఆ ఏడు, పోయిన పెద్దలను తలుచుకునే పెత్రమాస నాడు, గోడకు అటు పక్క ఆయన పేరున బియ్యం ఇచ్చారు. ఇటు పక్క ఆయన కంచం ఎప్పటిలా కడిగి బోర్లించి ఉంది. ఈ సంగతి ఆమే చెప్పింది. నేను ఆ ఊరు ఎన్నడూ పోలేదు, ఆ గోడ చూడలేదు. అయినా పెత్రమాస వస్తే నాకు మా ఇంట్లో పెద్దల కన్నా ముందు ఆ గోడే గుర్తొస్తుంది.

పెద్ద నెట్‌వర్కు మమ్మల్ని వదిలేసింది. లోకల్ వార్తలతో గిట్టుబాటు కావడం లేదన్నారు. డిష్‌లు వచ్చాయి, బాక్సులు వచ్చాయి, మా నంబరు ఎవరికీ దొరకనంత కిందికి పోయింది. సేటు పోయాడు. కింద మగ్గాలు కూడా తగ్గుతూ తగ్గుతూ ఒకటి రెండు మిగిలాయి. జంపఖానాలు విప్పితే గోడల మీద వాటి ఆకారాలు తెల్లగా మిగిలిపోయి ఉన్నాయి. మైకు గుర్తుల పెట్టె నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు నేను మా ఇంటి ముందు గదిలో ఒక జంపఖానా వేలాడదీసి, ఫోన్ ముందు కూర్చుని జిల్లా వార్తలు చదువుతాను. నెట్‌లో చూస్తారు. ఏ నెట్‌వర్కూ లేదు, ఏ చుట్టరికమూ లేదు. మగ్గం చప్పుడు లేక మొదట్లో నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించేది.

మొన్న ఎండాకాలం పోయాక ఆమె వచ్చింది. అడ్రసు అడుగుతూ అడుగుతూ వచ్చిందట. తల పూర్తిగా నెరిసింది. బొట్టు ఉంది, మెట్టెలు ఉన్నాయి. సంచిలోంచి సీతాఫలాలు తీసి ముందు పెట్టింది. ఆ తర్వాత ఫొటో తీసింది. మడత పెట్టిన చోట చిరిగిపోయి, ఆమె ఉన్న ముక్క విడిగా వచ్చేసింది. ఆయన ముక్కే తెచ్చింది. ఫోన్ వైపు చూపించి అడిగింది.

"గిది ఎంత దూరం వోతది చెల్లె?"

పాత అలవాటు. అదే గొప్ప, అదే సంతోషం నా గొంతులోకి వచ్చింది. దీనికి హద్దే లేదక్కా అన్నాను. బీవండి, బొంబాయి, దుబాయి, అమెరికా, లోకంలో ఏ మూలనున్నా చేతిలో ఫోన్ ఉంటే కనబడుతుంది అన్నాను. ఫొటో కోసం చెయ్యి చాపాను.

ఆమె ఇవ్వలేదు. ఫొటోను ఒళ్లో పెట్టుకుంది.

"అట్లయితే అద్దు చెల్లె" అన్నది. "ఇన్నొద్దులు మీ టీవీ అందని జాగల ఉన్నడనుకున్న. ఇది అందని జాగనే లేదంటాన్నవు. గీ ఫోన్ల గూడ ఏసినంక రాకపోతే, ఇగ యాడున్నడనుకోవాలె?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇన్నేళ్లూ ఆమె మెట్లెక్కి వచ్చి అడిగింది వెలుతురు ఎంత దూరం పడుతుందని కాదు, ఇంకా ఎంత చీకటి మిగిలి ఉందని. నేను మాత్రం ప్రతిసారీ ఆ చీకటిని కొంచెం కొంచెం తీసేసుకుంటూ వచ్చాను, గొప్పగా చెప్పుకుంటూ. నాకు ఏడుపు ఆగలేదు.

కళ్లు తుడుచుకుని, అంతటికీ పోదక్కా అన్నాను. ఎచ్చులకు పోయి చెప్పాను అన్నాను. సిగ్నల్ లేని ఊర్లు ఉన్నాయి. నర్సంపేట దాటి అడవిలోకి పోతే ఫోన్ మూగబోతుంది.

"ఉన్నయా?" అన్నది. చప్పున తలెత్తి చూసింది.

"మస్తున్నయి అక్కా."

ఫొటోను కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది. చాయ పెట్టిస్తానంటే, రైలు టైమైందని లేచింది. గేటు దాకా వెళ్లి, సీతాఫలాలు రేపటికి పండుతాయని చెప్పి పోయింది. పాత టేపులో ఆయన ఫొటో నా దగ్గర ఉన్నా, నేను ఇప్పటిదాకా వేయలేదు.

వార్తల పని మీద నేను నెలకొకసారైనా నర్సంపేట దాటి ఆ అడవి దారిన పోతాను. ఒక మలుపు తిరగగానే ఫోన్లో గీతలు ఒక్కొక్కటే పడిపోయి, సిగ్నల్ లేదని వస్తుంది. బస్సులో ఉన్నవాళ్లందరూ ఫోన్లు విసుక్కుంటూ జేబుల్లో పెట్టుకుంటారు. నేను కిటికీ అద్దం జరిపి, రోడ్డు పక్క నడిచే ముసలివాళ్ల ముఖాలు చూస్తూ కూర్చుంటాను.